కాంటనీస్‌లో ఒక శ్రీమంతం

నాకు కాంటనీస్ భాషలో మంచినీళ్ళు అడగడం రాదు. "శవాన్ని ఎక్కడ దాచావు?" అని మాత్రం గడగడా అడగగలను. ఈ వింత పాండిత్యం నాకెలా అబ్బిందో, దాన్ని నమ్ముకుని ఒక నిండుచూలాలి శ్రీమంతాన్ని ఎలా గంగలో కలిపానో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అంటారా? నరేందర్ మీద, కరోనా మీద, విజయవాడలో నేను చదివిన రెసిడెన్షియల్ కాలేజీ మీద, అందరికన్నా ముందు నా మీద.

అది జర్మనీలోని లైప్‌జిగ్‌లో కరోనా రెండో ఏడు. నేను, హాంకాంగ్ నుంచి కెమిస్ట్రీలో రీసెర్చి చేయడానికి వచ్చిన కా-యీ అనే అమ్మాయి కలిసి మూడో అంతస్తులో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. కా-యీ ఎంత బుద్ధిమంతురాలంటే, రోడ్డు మీద చీమ లేకపోయినా ఎర్రలైటు ఆకుపచ్చగా మారేదాకా కదిలేది కాదు. అలాంటి పిల్లకు ఒకే ఒక్క వ్యసనం, హాంకాంగ్ పోలీసు సీరియళ్ళు. లాక్‌డౌన్‌లో చెయ్యడానికి ఇంకేముంది? పగలంతా లాప్‌టాప్ ముందు నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగు, సాయంత్రం అయ్యేసరికి ఇద్దరం సోఫాలో చేరి హత్యలు.

ఆ సీరియళ్ళతో పాటు నాకు భాష కూడా పట్టుబడింది. భాషంటే కూరగాయలు, బంధువులు, వాతావరణం ఉంటాయి కదా, అవేవీ కాదు. నేరాలూ, వాటిని కప్పిపుచ్చుకోవడాలూ మాత్రమే. ఆ మాటల రుచి ఏం చెప్పను! ఒకడు చేసిన తప్పు ఇంకొకడు నెత్తిన వేసుకుంటే "సిక్ సేయ్ మావ్" అంటారట, అంటే చచ్చిన పిల్లిని తినడం. దొంగతనం జరుగుతుంటే వీధి మొగలో కాపలా కాయడం "తాయ్ సోయ్", నీళ్ళు చూడటం. ఊరొదిలి పారిపోతే గడ్డి తొడుక్కున్నట్టు. గుట్టు బయటపడితే కుండకు చిల్లు పడినట్టు.

"మీ భాషలో దొంగల గురించి మాటలేమీ లేవా?" అని అడిగింది కా-యీ ఒకరోజు.

"ఎందుకు లేవు! తేలు కుట్టినా కిక్కురుమనని దొంగ ఉన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడున్నాడు."

"గుమ్మడికాయలా?" అని జాలిగా చూసింది. "మీ నేరస్థులు మరీ అమాయకుల్లా ఉన్నారే."

నాకు రోషం వచ్చింది. మా జాతి నేరప్రతిభను ఒక హాంకాంగ్ పిల్ల తక్కువ చేయడమా అని. ఆ రోషమే నా కొంప ముంచింది.

ఇంతలో స్వప్న ఫోన్ చేసింది. స్వప్న, నరేందర్ భార్యాభర్తలు, కరీంనగర్ వాళ్ళు. నరేందర్ నా ఆఫీసులోనే పని చేస్తాడు. స్వప్నకు తొమ్మిదో నెల. పురుడు పోయడానికి రావలసిన వాళ్ళమ్మకు విమానాలు లేవు, వీసాకి టెర్మిన్, అదే, అపాయింట్‌మెంటు లేదు.

"అక్కా, మా అమ్మ రోజు ఏడుస్తున్నది. చేతులార గాజులు తొడుగుదామనుకున్నదంట. కనీసం వీడియోలనన్న చూస్తనంటున్నది. ముగ్గురు ముత్తైదువలన్న ఉండాలె అంటున్నది" అని అంటూ స్వప్న కూడా ఏడ్చింది.

అక్కడే వచ్చింది చిక్కు. అప్పటి జర్మనీ రూలు ప్రకారం ఒక ఇంట్లో రెండు కుటుంబాలకు మించి కలవకూడదు. మన ఆచారం ప్రకారం ముగ్గురు ముత్తయిదువులు లేందే గాజులు తొడగకూడదు. ఇద్దరూ మొండివాళ్ళే. నాకు మండిపోయింది. సూపర్‌మార్కెట్‌లో టాయిలెట్ పేపర్ కోసం వందమంది భుజాలు రాసుకోవచ్చు గానీ, ఒక ఆడపిల్ల చేతికి నలుగురు గాజులు వేయకూడదా? "ఏడవకు స్వప్నా! ఆదివారం పొద్దున మా ఇంట్లో నీ శ్రీమంతం. మీ అమ్మ టాబ్లెట్‌లో చూస్తుంది. ఎవడు ఆపుతాడో నేనూ చూస్తాను" అన్నాను.

అన్నాక భయం వేసింది. నరేందర్ పర్మనెంట్ రెసిడెన్సీ కాగితాలు వీసా ఆఫీసులో పరిశీలనలో ఉన్నాయి. ఇప్పుడు ఏదైనా కేసయితే?

"కేసయితె మా బతుకు ఆగమైతదక్కా" అన్నాడు నరేందర్, పెళ్ళాం పక్కనుంచి.

"నువ్వేం కంగారు పడకు. నేను చూసుకుంటాను కదా" అన్నాను. వంద ఎపిసోడ్లు చూసిన అనుభవం మరి!

ముత్తయిదువులను పోగుచేశాను. మొదటావిడ డాక్టర్ మాధవి గారు, ఎప్పుడో మా నాన్న నిక్కర్లేసుకునే రోజుల్లో జర్మనీ వచ్చి స్థిరపడిన పెద్దావిడ. రెండోది పక్క వీధి హారిక. మూడోది హారిక అత్తగారు. కోడల్ని చూసి పోదామని అమలాపురం నుంచి వచ్చి, లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయారు పాపం. ఆవిడకు జర్మన్ ఒక్క ముక్క రాదు. మామగారు అమలాపురంలో హోటలు భోజనం తింటున్నారని రోజుకోసారి కంటతడి పెట్టేవారు.

ఇప్పుడు అసలు సంగతి. నేరం చేసేముందు నేరస్థులందరూ కూర్చుని, పట్టుబడితే ఎవరేం చెప్పాలో కూడబలుక్కుంటారు. దాన్ని కాంటనీస్‌లో "గాప్ హావ్ గుంగ్" అంటారు. వాఙ్మూలాలను ఒకదానికొకటి అతకడం. ఆ మాట వినగానే నాలో విజయవాడ కాలేజీ నిద్రలేచింది. మా కాలేజీలో ఒకటే సూత్రం: ప్రశ్న ఏదైనా జవాబు ఒకటే, కామాతో సహా బట్టీ కొట్టడమే. పొద్దున్న నాలుగింటికి లేపి, గోడవైపు తిప్పి కూర్చోబెట్టి చదివించేవాళ్ళు. అర్థమైందా అని అడిగినవాడు లేడు.

అందుకని జర్మన్‌లో మూడు వాక్యాలు తయారుచేశాను. "నేను వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి వచ్చాను. వీళ్ళెవరో నాకు తెలియదు. నేను మాస్కు పెట్టుకున్నాను." రిపేరువాళ్ళకు రూల్స్ వర్తించవు కదా, ఎంత తెలివి! రోజూ సాయంత్రం గ్రూప్ కాల్‌లో అందరిచేతా వల్లె వేయించాను.

"అందరం ఒకటే చెప్పాలా శైలజా?" అన్నారు మాధవి గారు అనుమానంగా. "నేను కార్డియాలజిస్టుని కదమ్మా. నన్ను చూస్తే మెకానిక్‌లా ఉంటానా?"

"రెండూ పంపులే కదండీ" అన్నాను.

అత్తగారు మాత్రం అందరికంటే బాగా చదివారు. "ఏవమ్మా, మాస్కు దగ్గర కాస్త ఆగాలా, ఒకే ఊపున చెప్పెయ్యాలా?" అని అడిగేవారు. అర్థం తెలియకపోయినా ఆవిడ ఉచ్చారణ వింటే జర్మన్లు కూడా సిగ్గుపడాలి.

కా-యీ ఒక్కతే తల బాదుకుంది. "గాప్ హావ్ గుంగ్ అంటే అందరూ ఒకే పాట పాడటం కాదు! ఒకరు చెప్పినదానిలో ఇంకొకరు చెప్పింది ఇమడాలి. ఒకరు టీ పెట్టానంటే ఇంకొకరు తాగానని అనాలి. ఇద్దరూ పెట్టామంటే దొరికిపోతారు."

"నువ్వు మా ఊళ్ళో పరీక్షలు రాయలేదు, అందుకే అలా అంటున్నావు. అందరూ ఒకే జవాబు రాస్తే మాకు ఫస్ట్ క్లాస్" అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

ఆదివారం వచ్చింది. నరేందర్ కారులో గిన్నెలూ, స్వప్ననూ దింపి, నీళ్ళు చూడటానికి, అదే, కాపలాకి, కిందనే నిలబడ్డాడు. ఎవరైనా వస్తే నాకు ఫోన్ చెయ్యాలి. పైన స్వప్న పట్టుచీరలో, పచ్చటి మొహంతో కుర్చీలో కూర్చుంది. టాబ్లెట్‌లో వాళ్ళమ్మ. వెనకాల కరీంనగర్ వీధి వీధంతా. "బిడ్డా, జరంత ఇటు తిరుగు, పెద్దమ్మకు కనవడ్తలేవు" అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. మాధవి గారు కుడిచేతికి పచ్చగాజులు తొడిగారు. ఎడమచేతికి హారిక అత్తగారు మొదలుపెట్టారు. స్వప్న నెలల తర్వాత నవ్వింది.

ఫోన్ మోగింది. "అక్కా! వచ్చిన్రు! యూనిఫారాలు! కారు కాడ నిలవడ్డరు!" అన్నాడు నరేందర్. టక్కున కట్ అయింది. తర్వాత తెలిసిందేమిటంటే, మహానుభావుడు ఆ మాట చెప్పి గడ్డి తొడుక్కున్నాడు. ఏకంగా పార్కులోకి పారిపోయి బాతుల వెనకాల కూర్చున్నాడు. కాపలాదారే పారిపోయిన నేరం మా సీరియళ్ళలో ఒక్కటి కూడా లేదు!

"పోలీసులు! వాయ్ సీ మిట్ జిక్!" అని అరిచాను. శవాన్ని మాయం చెయ్యండి, ఆనవాళ్ళు తుడిచెయ్యండి అని అర్థం. ఎవరికీ అర్థం కాలేదు గానీ అందరూ పరిగెత్తారు. స్వప్నను బాత్రూములో టబ్బులో కూర్చోబెట్టి తెర లాగాం. పూలూ, పసుపూ మంచం కిందకి తోశాం. పులిహోర గిన్నె మాత్రం ఎక్కడా పట్టలేదు. అది గిన్నె కాదు, గంగాళం. టబ్బు పక్కనే వాషింగ్ మెషీన్ నోరు తెరుచుకుని ఉంది. గంగాళం దాని నోట్లోనూ పట్టలేదు. నాకు బుర్ర పాదరసంలా పని చేసింది. పులిహోరను డ్రమ్ములోకి వంపేసి తలుపు మూసేశాను.

టాబ్లెట్‌లో వాళ్ళమ్మ "ఏమైందే? పోలీసులంటున్నరేందే? బిడ్డా!" అని కేకలు పెడుతోంది. ప్రత్యక్ష సాక్షి! ఠక్కున స్విచ్ ఆపేశాను. ఆ వేలిని ఇప్పటికీ క్షమించలేదు.

బెల్లు మోగింది. తలుపు తీశాను. నగరపాలక సంస్థ యూనిఫారంలో, మాస్కు పెట్టుకుని, ఒక ఆఫీసరమ్మ.

"నమస్కారం. కింద ఒక బూడిదరంగు కారు..."

"నేను వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి వచ్చాను!" అన్నాను. "వీళ్ళెవరో నాకు తెలియదు. నేను మాస్కు పెట్టుకున్నాను."

మాస్కు లేదు. పైగా అది నా ఇల్లు. తలుపు మీద నా పేరుంది. ఆ ఇంట్లో ఉండేదాన్ని నేనే కదా, నా వాక్యం వేరే ఉండాలి కదా! అది తట్టనేలేదు. బట్టీ కొట్టినవాళ్ళకు జవాబే గాని ప్రశ్న కనపడదు.

ఆవిడ ఏదో అనబోయేలోపు పడకగదిలోంచి మాధవి గారు కంచిపట్టు చీరలో, నుదుట రూపాయికాసంత కుంకుమతో నడిచొచ్చి, "నేను వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి వచ్చాను. వీళ్ళెవరో నాకు తెలియదు. నేను మాస్కు పెట్టుకున్నాను" అన్నారు. వంటింట్లోంచి హారిక వచ్చి అదే చెప్పింది. చివరగా బాల్కనీ కర్టెన్ వెనకనుంచి అత్తగారు ప్రత్యక్షమై, మాస్కు దగ్గర సరిగ్గా ఆగి, మూడు వాక్యాలూ కంచుగంటలా అప్పజెప్పి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు.

కా-యీ గోడవైపు తిరిగి నిలబడింది.

"నలుగురు మెకానిక్కులా?" అంది ఆఫీసరమ్మ నెమ్మదిగా. "ఆదివారమా?"

చచ్చాను! ఈ దేశంలో ఆదివారం పూట గోడకు మేకు కొట్టినా పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తారు. ఒక తప్పును కప్పడానికి అంతకన్నా పెద్ద తప్పును ఎంచుకున్నానన్నమాట.

"ఆ మెషీన్ ఒకసారి చూడవచ్చా?"

బాత్రూముకి తీసుకెళ్ళాను. ఇంకేం చెయ్యను? మెషీన్ తలుపు గాజుది. లోపలనుంచి పులిహోర పచ్చగా, నిండుగా, గాజుకు ముక్కు ఆనించి మావైపు చూస్తోంది. ఒక కరివేపాకు అతుక్కుని ఉంది. వేరుశనగపప్పులు వరసగా నిలబడి ఉన్నాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ పులిహోర పట్టిస్తుంది.

అప్పుడు తెర వెనక గలగలమని గాజులు మోగాయి.

"అక్కడ ఎవరు?"

తెర జరిగింది. టబ్బులో స్వప్న, నిండు కడుపుతో, ఒక చేతికి నిండుగా, ఇంకో చేతికి సగం గాజులతో కూర్చుని, కళ్ళనిండా నీళ్ళతో, "నేను వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి వచ్చాను. వీళ్ళెవరో నాకు తెలియదు..." అంటూ మాస్కు దాకా వెళ్ళి వెక్కిళ్ళలో ఆగిపోయింది.

అంతవరకూ గోడను చూస్తున్న కా-యీ అప్పుడు ముందుకొచ్చింది. "తప్పు నాది. వీళ్ళందరినీ పిలిచింది నేనే" అంది. ఎర్రలైటు దాటని పిల్ల!

నాకు కోపం నషాళానికంటింది. "చచ్చిన పిల్లిని నువ్వెందుకు తింటావు? ఆ పిల్లి నాది!" అని కాంటనీస్‌లో అరిచాను.

"ఏమంటోంది ఈవిడ?" అంది ఆఫీసరమ్మ.

"ఏదో... పిల్లి గురించి" అంది కా-యీ.

ఆఫీసరమ్మ గభాలున మెషీన్ వైపు వంగింది. "లోపల పిల్లి కూడా ఉందా?"

"లేదండీ! అన్నమే! అన్నమొక్కటే!" అని జర్మన్‌లో మొత్తుకున్నాను. ఇక కుండకు చిల్లు కాదు, కుండే లేదు. శ్రీమంతమంటే ఏమిటో, ముగ్గురు ముత్తయిదువులెందుకో, అమ్మ ఎందుకు రాలేకపోయిందో అంతా ఏకరువు పెట్టాను. "రాసుకుంటే నా ఒక్కదాని పేరే రాసుకోండి, ఈ పిల్ల పేరు, దీని మొగుడి పేరు రాయకండి" అని బతిమాలాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నేను వచ్చింది ఆ బూడిదరంగు కారు డిక్కీ బార్లా తెరిచి ఉందని చెప్పడానికి. లోపల సామాన్లున్నాయి, ఎవరైనా ఎత్తుకుపోతారు. కింద బేకరీలో అడిగితే ఆ కారువాళ్ళు ఈ ఇంటికే వచ్చారని చెప్పారు."

"మరి... మా కుటుంబాలు... నాలుగు..."

"రూలు మారి మూడురోజులయింది. ఇంట్లో పదిమంది దాకా కలవవచ్చు. మీరు వార్తలు చూడరా?"

చూడలేదండీ. సీరియళ్ళు చూశాను. శవాలెక్కడ దాచారో అన్నీ తెలుసుగానీ ఊళ్ళో రూలేమిటో తెలుసుకోలేదు!

"అయితే మాది నేరం కాదా?"

"మీరు కలవడం నేరం కాదు. అన్నాన్ని వాషింగ్ మెషీన్‌లో పెట్టడానికి మా దగ్గర ఏ సెక్షనూ లేదు" అని స్వప్నకు శుభాకాంక్షలు చెప్పి, అత్తగారి నమస్కారానికి తిరిగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆవిడ నవ్వు రెండో అంతస్తు దాటేదాకా వినిపించింది.

నవ్వనీ. నాకు స్వప్న మొహం చూడాలంటేనే భయం వేసింది. కిటికీలు తెరిచి, వీధంతా వినబడేలా పాటలు పాడుకుంటూ చేసుకోవలసిన పండగను టబ్బులో కూర్చోబెట్టి ఏడిపించాను. ఎవరో కాదు, నేనే!

"అక్కా, ముందు అమ్మకు కాల్ చెయ్యి" అంది స్వప్న.

టాబ్లెట్ వేశాను. కరీంనగర్ వీధి కాస్తా ఊరేగింపైపోయింది. ఎవరో ఆవిడకు విసనకర్రతో విసురుతున్నారు. "నా బిడ్డను జైల్ల వెట్టిన్రా? ఏ జైల్ల వెట్టిన్రు?" అంటున్న మనిషి తెరమీద కూతురిని చూసి ఒక్క క్షణం ఆగింది. మరుక్షణం నావైపు తిరిగింది.

"ఏమే పిల్లా! నీకు బుద్ధున్నదా? ఫోన్ బంద్ వెడ్తవా? నా పానం వోయినంత పనైంది! మా తమ్ముడు కలెక్టరాఫీసుకు ఉరికిండు! నువ్వు నా ముందలుంటె నీ చెంప వల్గుతుండె!"

"తప్పయిందమ్మా."

"తప్పయింది కాదు! ఆ గాజులన్ని తియ్యిన్రి. మళ్ళ మొదటి సంది తొడుగున్రి. ఒక్కటి గూడ ఇడువకుండ నేను చూడాలె!"

మళ్ళీ మొదటినుంచీ తొడిగాం. ఈసారి స్వప్న నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. బాతుల దగ్గర్నుంచి నరేందర్ తిరిగొచ్చేసరికి హారతి కూడా అయిపోయింది. వాడిని హారిక అత్తగారు ఆ ఊళ్ళో మాట్లాడదగిన అన్ని భాషల్లోనూ చూపులతోనే తిట్టారు. పులిహోర లేని భోజనం పెట్టాను. తిన్నవాళ్ళలో ఒక్కరైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పది రోజుల తర్వాత ఆడపిల్ల పుట్టింది. వాళ్ళ కాగితాలు కూడా వచ్చాయి. నా వాషింగ్ మెషీన్ మాత్రం కోలుకోలేదు. ఎంత కడిగినా పసుపే. ఆఫీసు వీడియో కాల్స్‌లో నా తెల్లచొక్కాలన్నీ పెళ్ళిచొక్కాలయ్యాయి. చివరికి నీళ్ళు పోవడమే మానేసింది. నిజమైన మెకానిక్‌ని పిలిచాను. ఆయన కింద ఫిల్టర్ విప్పి, గుప్పెడు వేరుశనగపప్పులు, చింతపండు పిప్పి, పచ్చటి గాజుముక్క ఒకటి నేలమీద పరిచి, నావైపు తలెత్తి చూశాడు.

"ఏం జరిగింది?"

ఇక అబద్ధాలు చాలనుకున్నాను. మొత్తం చెప్పాను. గర్భిణి, మూడు వాక్యాలు, హాంకాంగ్ సీరియళ్ళు, లేని పిల్లి, ఉన్న పులిహోర, ఒక్క ముక్క దాచకుండా.

ఆయన చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ సర్దుకుంటూ, "చెప్పడం ఇష్టం లేకపోతే వద్దు మేడమ్, ఇంత కథ అల్లడం ఎందుకు?" అన్నాడు.

ఆ క్షణాన పళ్ళు పటపటా కొరుక్కుని, ఫిల్టర్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ భాష నేర్చుకున్నా, మొట్టమొదట నేర్చుకునే వాక్యం "ఏమండీ, ఈరోజు రూలేమిటి?" అన్నదే. దాన్ని కూడా బట్టీ కొట్టను. అర్థం తెలుసుకుని, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడతాను.